తెల్ల గీత మీద పసుపు గీత

ఐసు బండి గేటు దాటి లోపలికి వస్తుండగానే చిన్నల్లుడికి తెలిసిపోయింది, ముందు బ్రేకుల్లో తేడా ఉందని. ఆగబోయే ముందు బండి మూతి కిందికి వంచి, జ్వరం తగిలినవాడిలా ఒళ్లంతా వణికి, అప్పుడు ఆగింది. వెనక పలకల సందుల్లోంచి కరిగిన నీళ్లు నేల మీదికి ధారగా పడుతున్నాయి.

"తొక్కితే చాలు, స్టీరింగు నా చేతుల్లో గంతులేస్తోంది," అన్నాడు ఐసు బండాయన దిగుతూ. బక్కపలచని మనిషి, నోరు మాత్రం బండెడు. "వయసు నాకొచ్చింది, వణుకు దీనికొచ్చింది. ఏం న్యాయమో చెప్పండి అల్లుడుగారూ."

"పెళ్లయిన కొత్తలో నువ్వూ ఇలాగే వణికి ఉంటావులే," అన్నాడు గదిలోంచి ఓనరు. "పెద్దల్లుడూ, బ్రేకులు నీ పని. చిన్నల్లుడూ, నువ్వు ఆ వ్యాను కింద పని కానివ్వు."

ఇద్దరు ఫిట్టర్లూ అక్కాచెల్లెళ్లని చేసుకున్న తోడల్లుళ్లు కావడంతో, పనిలో చేరిన నాటి నుంచీ ఓనరు వాళ్లని అలాగే పిలుస్తున్నాడు. 'ఆడపిల్లల్లేని ఇంట్లో ఇద్దరల్లుళ్లు, పైగా అలగడం తెలియనివాళ్లు' అని వచ్చినవాళ్లందరికీ చెప్పి తనే నవ్వేవాడు. ఆ నవ్వుకి వాళ్లిద్దరూ ఎప్పుడో అలవాటుపడిపోయారు.

పెద్దల్లుడు బండి ముందు భాగం జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు విప్పాడు. డిస్కుని నొక్కి ఆపే క్యాలిపర్ బోల్టులు తీసి, దాన్ని బ్రేకు గొట్టానికి వేలాడకుండా ఇనుప తీగతో పైకి కట్టాడు. డిస్కుని సుత్తితో రెండు దెబ్బలు కొట్టి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. ఈ పనులన్నిటికీ అతనికి కళ్లతో అవసరం లేదు. చేతులు ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్లేవి. దూరం నుంచి చూసేవాడికి, ఆ మనిషికి దగ్గరి వస్తువులు పొగలో ఉన్నట్టు కనిపిస్తాయని తెలిసే వీలే లేదు.

చిన్నల్లుడికి తెలుసు. అతనికి అతని భార్య చెప్పింది, ఆవిడకి అక్క చెప్పింది. కళ్లజోడు పనిచెయ్యదని, లోపలి నరమే చచ్చిపోతోందని డాక్టరు అన్న రోజున అక్కాచెల్లెళ్లిద్దరూ పక్కపక్క వాటాల మధ్య ఉన్న చిన్న కిటికీకి అటూ ఇటూ నిలబడి ఏడ్చారు. చూపు లేదని తెలిస్తే ఓనరు ఉంచడు. పని పోతే వాళ్లు ఆ వాటా ఖాళీ చేసి ఎక్కడికో పోవాలి. "అక్క పోతే నేను ఈ ఊళ్లో ఉండలేను. చెబుతున్నా," అంది చిన్నామె మొగుడితో. "బావ పని ముగించాక నువ్వు వెనక నుంచి ఒక్కసారి చూడు. ఆయనకి తెలియకుండా. అంతే కదా నేనడిగేది."

ఆ రోజు నుంచి అతను చూస్తున్నాడు. పెద్దల్లుడు చక్రం బిగించి అటు తిరగ్గానే, పానా పట్టుకుని వెళ్లి నట్లన్నీ మళ్లీ ఒకసారి లాగేవాడు. అక్కడే ఒక చిక్కుండేది. ఆ గ్యారేజీలో నట్టు బిగించినవాడు దాని మీద నుంచి చక్రం మీదికి సన్నగా ఒక రంగు గీత గీయాలి. గీత విరిగితే నట్టు కదిలినట్టు. పెద్దల్లుడిది తెలుపు, చిన్నల్లుడిది పసుపు. చివర పానా ఎవరు పెడితే వాళ్ల రంగే ఉండాలి, ఒకడి డబ్బా ఇంకొకడు ముట్టకూడదు. ఓనరు పెట్టిన పద్ధతుల్లో ఇది గట్టిది. అందుకని నట్టు కాస్త కదిలినప్పుడల్లా విరిగిన తెల్ల గీత మీద చిన్నల్లుడు పసుపు గీత గీసేవాడు. తెలుపు మీద పసుపు, ఆ కళ్లకి ఎలాగూ తేడా తెలియదు అనుకునేవాడు.

పెద్దల్లుడు ఇప్పుడు డిస్కుని నిలబెట్టి, మందం కొలిచే మైక్రోమీటరుతో పట్టుకున్నాడు. అంకె చూడలేడు కాబట్టి ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. పక్కన కొత్త డిస్కు ఒకటి ఎప్పుడూ ఉంచుకునేవాడు. దాని మందం తెలుసు. దాని మీద నుంచి పాత డిస్కు మీదికి వచ్చి, పిడిని బొటనవేలితో తిప్పుతూ ఎన్ని చుట్లు దిగిందో లోపల లెక్కపెట్టుకునేవాడు. ఒక్కో చుట్టుకి అర మిల్లీమీటరు. అప్పుడతని పెదాలు సన్నగా కదిలేవి. చూసినవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకునేవారు.

"ఏం పెద్దల్లుడుగారూ, నా బండికి జాతకం చూస్తున్నారా?" అన్నాడు ఐసు బండాయన.

వ్యాను కిందినుంచి చిన్నల్లుడు తల బయటికి పెట్టాడు. "జాతకం కాదు, నీ బండి ఎప్పుడు ముసలిదైందో అడుగుతున్నాడు. అది నీ వయసే చెబుతోందట."

ఐసు బండాయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఓనరు గదిలోంచి నవ్వాడు. చిన్నల్లుడూ నవ్వాడు. నవ్వుతూనే చూశాడు, పెద్దల్లుడి పెదాలు ఆగిపోవడం. బొటనవేలు మాత్రం ఆగలేదు. ఒక్క క్షణం తర్వాత పెదాలు మళ్లీ కదిలాయి. ఆగిన చోటి నుంచి మొదలయ్యాయో, ముందుకి దూకాయో ఎవరికి తెలుసు.

"కోతకి చాలినంత మందం ఉంది," అన్నాడు పెద్దల్లుడు. "కొత్తవి అక్కర్లేదు. లేతు మీద పెట్టి నున్నగా చేస్తా."

ఇప్పుడు లేచి వెళ్లి, అన్నయ్యా ఒకసారి ఇటివ్వు అంటే సరిపోయేది. అంటే ఏమవుతుందో చిన్నల్లుడికి తెలుసు. ఓనరు గది తలుపు తెరిచే ఉంది. అతను మళ్లీ వ్యాను కిందికి దూరాడు.

లేతు యంత్రం మీద డిస్కు తిరుగుతుంటే పెద్దల్లుడు చెవి దగ్గరికి వంచి వినేవాడు. ఎత్తుపల్లాలున్నంతసేపూ ఉలి తగిలీ తగలకుండా టకటకమంటుంది. సమమైనాక ఒకటే సన్నని ఈల. ఈల వచ్చేదాకా అతను కోశాడు, ఇటు వైపు, అటు వైపు. బూడిదరంగు రజను అతని ముంజేతుల మీద పడింది. తీసి చూపిస్తే డిస్కు అద్దంలా మెరిసింది. పాతదైనా అప్పుడే కొన్నదానిలా ఉంది.

"ముఖం చూసుకోవచ్చు," అన్నాడు ఐసు బండాయన. వంగి నిజంగానే చూసుకున్నాడు.

సాయంత్రం బండి కిందికి దిగాక, పెద్దల్లుడు చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే చిన్నల్లుడు పానా తీశాడు. అన్ని నట్లూ లాగాడు. ప్రతిదీ పిసరంత కదిలింది. పసుపు గీతలు గీశాడు. బండాయనకి చెప్పాడు: "కొంచెం సేపు మెల్లగా పోతూ, మెల్లగా తొక్కుతూ ఉండు. ప్యాడ్లు సర్దుకోవాలి."

"నువ్వు చెప్పింది చాలు. ఐసు ఆగదు కదా, నేను ఆగినా," అని అతను వెళ్లిపోయాడు.

*

ఆ రాత్రి కిటికీ అవతల నుంచి వదిన గొంతు వినిపించింది. చెల్లెలికి చెబుతోంది, ఇవాళ ఆయన సంతోషంగా ఉన్నాడని, ఐసు బండి పని బాగా కుదిరిందన్నాడని. చిన్నామె మొగుడి వైపు తిరిగి నవ్వింది, ఇదంతా నీ చలవే అన్నట్టు. అతను తలదించుకుని అన్నం కలుపుకున్నాడు. లోపల ఆ ఆగిపోయిన పెదాలు కదలకుండా అలాగే ఉన్నాయి.

రెండు రోజులు ఏమీ జరగలేదు. ఐసు బండి రోడ్డు మీద రెండుసార్లు కనిపించింది. హారను కొట్టి చెయ్యూపాడు బండాయన. ఇంకేం, అనుకున్నాడు చిన్నల్లుడు. మనసుకి అనుమానాలు ఎక్కువైపోయాయి అనుకున్నాడు. మూడోనాడు మధ్యాహ్నం ఒక లారీ గ్యారేజీ ముందు ఆగి, డ్రైవరు దిగకుండానే కేకేశాడు, "మీ దగ్గర చేయించుకున్న ఐసు బండి వంతెన దిగుడులో గోడని కొట్టింది. మనిషి లోపల ఇరుక్కున్నాడు."

ఓనరు వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు అతని చొక్కా తడిసి ఉంది. ఐసు అంతా రోడ్డు మీద పడిందట. రక్తం దాని మీదే పారి, అది కరిగేదాకా అక్కడే ఎర్రగా నిలిచిందట. ప్రాణం పోలేదు, కుడి కాలు మోకాలి దాకా తీసేశారు.

*

మర్నాడు విరిగిన చక్రాన్నీ డిస్కునీ తెప్పించి ఓనరు వాకిట్లో పడేయించాడు. డిస్కు నడుమ నుంచి అంచు దాకా చీలి ఉంది. ఐసు బండాయన భార్య వచ్చి గేటు పక్కన నిలబడింది. ఆవిడ ఏడవడం లేదు. ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతిలో అతని చెప్పులు రెండూ ఉన్నాయి.

"ఎవరు చేశారు?" అంది.

ఓనరు చక్రాన్ని కాలితో తిప్పాడు. నట్ల మీద వరసగా పసుపు గీతలు, ఇంత జరిగినా చెదరలేదు. "చిన్నల్లుడుగారూ," అన్నాడు. ఈసారి ఆ పిలుపులో నవ్వు లేదు.

చిన్నల్లుడు పెద్దల్లుడి వైపు చూశాడు. పెద్దల్లుడు గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు. చిటికెనవేలు దాకా వచ్చి, మళ్లీ బొటనవేలితో మొదలుపెట్టాడు.

"బ్రేకులు నువ్వు కదా చూసింది?" అని ఓనరు అతన్నే అడిగాడు.

"చివర ఎవరి గీత ఉంటే పని వాళ్లది," అన్నాడు పెద్దల్లుడు. "మీరు పెట్టిన పద్ధతే కదా. నేను కొత్తగా చెప్పేదేముంది?"

ఓనరు బల్ల మీది మైక్రోమీటరు తీసి, ఎవరికిస్తున్నాడో చూసుకోకుండానే ముందుకి చాచాడు. "కొలవండి. ఎంతుందో నాకు చెప్పండి."

చిన్నల్లుడు అందుకున్నాడు. అది చేతిలోకి రాగానే అతనికి అర్థమైంది, తన పని ఎంత తేలికో. 'అన్నయ్యా, నువ్వు చదువు' అని దాన్ని అటు అందిస్తే చాలు. ఒక్క మాట. అతను తల ఎత్తాడు. గేటు దగ్గర, ఐసు బండాయన భార్య వెనక, వదిన క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. రోజూ ఆ వేళకే వస్తుంది. ఆవిడ అతని చేతిలో ఉన్నదాన్నే చూస్తోంది. ఆవిడకీ అర్థమైంది. వద్దని తల ఊపలేదు, కళ్లతో బతిమాలలేదు. క్యారియర్ని రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుంది, అంతే.

అతను డిస్కు పట్టుకుని, తనే పిడి తిప్పి, తనే చదివాడు. "ఇరవై ఒకటి." డిస్కు మీద పోత పోసిన అంకెని వేలితో చూపించాడు. "ఇరవై రెండుకి తగ్గకూడదు."

"చూడలేదా?"

"చూడలేదు."

"కళ్లున్నాయిగా నీకు?" అన్నాడు ఓనరు.

పెద్దల్లుడి చేతిలో గుడ్డ ఆగింది.

ఐసు బండాయన భార్య మెల్లగా నడుచుకుంటూ చిన్నల్లుడి దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. "నువ్వేనా," అంది. "తెలివి రాగానే నిన్నే తలుచుకున్నాడు. చిన్నల్లుడు భలే మాటలంటాడే, కడుపు చెక్కలయ్యేలా నవ్వించాడు అని. బండికి తన వయసే అన్నావట కదా." చెప్పులు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. "ఒకటి ఇక్కడే వదిలేసి పోనా? ఇంక ఒకటే కదా కావాలి."

నిజంగానే ఒక చెప్పు విరిగిన డిస్కు పక్కన పెట్టి వెళ్లిపోయింది. దాన్ని తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"ఎవరో ఒకరు పోవాలి," అన్నాడు ఓనరు. "లేకపోతే గ్యారేజీయే పోతుంది. నీ సామాను తీసుకో."

*

సాయంత్రం రెండు వాటాలకీ కలిపి ఉన్న కుళాయి దగ్గర పెద్దల్లుడు చేతులు కడుక్కుంటున్నాడు. చిన్నల్లుడు వెళ్లి పక్కన నిలబడ్డాడు. ఒక మాట వస్తుందనుకున్నాడు. తల దించుకునైనా, ఏదో ఒక మాట.

"నీ రంగు నున్నగా పడుతుంది," అన్నాడు పెద్దల్లుడు సబ్బు రుద్దుకుంటూ. "నా డబ్బా పాతది. గడ్డకట్టి గరుకుగా పడుతుంది. ప్రతి బండీ గేటు దాటే ముందు నట్లు తడిమి చూసుకునేవాణ్ణి. నువ్వు చూశావు కూడా."

చూశాడు. పనంటే అంత శ్రద్ధ అనుకున్నాడు.

"ఏడాది. ఒక్క బండి కూడా నా గీతతో బయటికి పోలేదు."

"నీ కోసమే కదా అన్నయ్యా. పని పోకూడదని."

"ఒకటడుగుతా చెప్పు. నట్టు ఎప్పుడైనా వదులుగా దొరికిందా నీకు?"

"కదిలేది."

"నీ బలమంతా పెట్టి లాగితే బిగిసిన నట్టైనా పిసరు కదులుతుంది. వదులుగా దొరికిందా అంటున్నా."

చిన్నల్లుడు ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. కుళాయి నీళ్లు వృథాగా పోతున్నాయి, ఇద్దరిలో ఎవరూ కట్టలేదు.

"నాకు కనపడనిది అంకె," అన్నాడు పెద్దల్లుడు. "నట్టు కాదు. ఆ సంగతి నీకు నా కంటే బాగా తెలుసు. అంకె చూడాలంటే నా ముందు నిలబడి, నీకు కనపడటం లేదు, ఇటివ్వు అనాలి. అది నీ వల్ల కాలేదు. నా వీపు వెనక నట్లు తిప్పుకుంటూ నన్ను బతికిస్తున్నాననుకున్నావు. ఇంటికొచ్చి మీ ఆవిడకి చెప్పుకునేవాడివి. మా ఆవిడ నాకు వడ్డిస్తూ నీ మంచితనం తలుచుకుని కళ్లు తుడుచుకునేది. ఆ అన్నం నేను తినాలి."

"నువ్వైనా అడగొచ్చు కదా అన్నయ్యా, చదివి పెట్టరా అని."

పెద్దల్లుడు కుళాయి కట్టేశాడు. "నావల్లా కాలేదు. అందుకే ఇవాళ నీ గీత నీకిచ్చేశాను. ఉంచుకో."

కిటికీ అవతల అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోవడం ఆపేశారు. ఎంతవరకు విన్నారో తెలియదు. తర్వాత కిటికీ తలుపు మూసిన చప్పుడు వినిపించింది. అది అటు నుంచి మూశారో ఇటు నుంచి మూశారో అతను ఇంట్లోకి వెళ్లాక కూడా అడగలేకపోయాడు.

*

ఆ ఊళ్లో ఏ గ్యారేజీ అతన్ని రానివ్వలేదు. ఐసు బండి కథ అతని కంటే ముందు వెళ్లి కూర్చునేది. చివరికి దూరపు ఊళ్లో ఎవరో బస్సుల షెడ్డులో చక్రాలు కడిగే పని ఇస్తామన్నారు. చిన్నామె అటక మీది గిన్నెలు దించి, ఒక్కోదాన్నీ గుడ్డలో చుట్టింది. అక్క ఇచ్చినవి వేరే పెట్టింది, మళ్లీ వాటిని అన్నిటితో కలిపేసింది.

సామాను పికప్ బండిలోకి ఎక్కించాక వదిన బయటికి వచ్చింది. పెద్దల్లుడు రాలేదు. అక్కాచెల్లెళ్లు ఒకర్నొకరు పట్టుకోలేదు, ఏడవలేదు. చెల్లెలి చీర కుచ్చిళ్లకి అంటిన దుమ్ము అక్క వంగి దులిపింది. దులిపినచోటే దులుపుతూ ఉండిపోయింది. చివరికి చెల్లెలే ఆ చెయ్యి పట్టుకుని తీసేసి, బండెక్కి కూర్చుంది.

చిన్నల్లుడు అలవాటు కొద్దీ ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. నట్ల మీద తెల్ల గీతలు. వేలితో తడిమాడు. గరుకుగా ఉన్నాయి.

"నిన్ననే చేశారు దీనికి," అంది వదిన వెనక నుంచి. "ఇందులోనే మీరు వెళ్తారని తెలిసి ఆయనే పట్టుబట్టి చేశారు. డిస్కులు కోశారు. కొలత నేను చదివా."

అతను తల తిప్పి చూశాడు.

"నిన్న క్యారియర్ తీసుకెళ్లాను కదా, అప్పుడు. 'ఇలా రా, ఈ అంకె ఎంతో చెప్పు' అన్నారు. అందరి ముందే. నాకు ఆ కొలత గీతలు అర్థం కావు, నేర్పించారు. ఓనరు బయటికి వచ్చి చూశాడు."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. 'ఏం పెద్దల్లుడూ, చూపానట్లేదా, ముందే చెబితే కళ్లున్నవాణ్ణి ఒకణ్ణి పక్కన పెట్టేవాణ్ణిగా. లేతు మీద నీ చెయ్యి నాకెక్కడ దొరుకుతుంది' అన్నాడు." వదిన చక్రం వైపు చూసింది. "అంతే అన్నాడు మరిదీ. ఇంకేం అనలేదు."

చిన్నల్లుడు చాలాసేపు లేవలేదు. పానా సంచిలోనే ఉంది, చేతికందే దూరంలో. డ్రైవరు హారను కొట్టాక లేచి, భార్య పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. విన్నావా అని ఆమెని అడగలేదు. ఆమె ముఖం చూస్తే విన్నదని తెలుస్తోంది. బండి కదిలినప్పుడు ఆమె వెనక్కి తిరగలేదు. పక్కనున్న అద్దంలో అక్క చిన్నదవుతూ, చిన్నదవుతూ ఉన్నంతసేపూ రెప్ప వెయ్యకుండా చూసి, మలుపు తిరగ్గానే కళ్లు మూసుకుంది.

వంతెన వచ్చింది. దిగుడు చివర గోడకి కొత్త సిమెంటు పూసిన చోటు ఇంకా ఆరలేదు. వెనక సామాను బరువంతా ముందుకి తోస్తోంది. డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టాడు.

చిన్నల్లుడు రెండు అరచేతులూ మోకాళ్ల మీద ఆనించి, కాళ్ల కిందినుంచి వణుకు వస్తుందేమోనని ఎదురుచూశాడు. రావాలని ఎంతగా కోరుకుంటున్నాడో అప్పుడు తెలిసింది అతనికి. చిన్న వణుకు, పిసరంత, ఒక్కసారి.

బండి నున్నగా, నీళ్లలో పడవలా నెమ్మదించింది.

"మంచి చెయ్యి పడిందండీ," అన్నాడు డ్రైవరు. "ఎవరో గానీ."